తొమ్మిదికి ఐదు

ఆగస్టు 4, సోమవారం

ఇరవై ఐదుకి ఇరవై ఐదు. మోల్ లెక్కల మీద పెట్టిన శనివారం పరీక్షలో నలభై ఎనిమిది మందిలో ఒక్కరికే వచ్చాయి. అదీ చేరి మూడు వారాలు కూడా నిండని పిల్లకి. పేరు నాగమల్లేశ్వరి. పిడుగురాళ్ళ నుంచి ఫ్రీ సీటు మీద వచ్చింది. ఓఎంఆర్ షీటు సరే, దాంతోపాటు ఇచ్చిన రఫ్ షీటు మాత్రం ఇచ్చినట్టే తిరిగొచ్చింది. ఒక్క గీత లేదు.

నరసరావుపేటలో ఇరవై రెండేళ్ళుగా ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెబుతున్నాను. ఎవరికైనా ఒకటే చెబుతాను. సమీకరణం రాయాలి, రెండువైపులా పరమాణువులు సరిపోయాయో లేదో చూసుకోవాలి, గ్రాముల్ని మోల్స్‌లోకి మార్చాలి, నిష్పత్తి పెట్టాలి, మళ్ళీ గ్రాముల్లోకి రావాలి. ఐదు మెట్లు. మెట్లెక్కకుండా మేడ మీద కనిపించిన మనిషిని ఏమనుకుంటాం? నేనైతే గోడ దూకాడనే అనుకుంటాను.

షీటు ఇచ్చేటప్పుడు ఆ పిల్ల చేతులు చూశాను. వేళ్ళ సందుల్లో చర్మం పగిలి తెల్లబారి ఉంది. అది వేరే సంగతి.

ఆగస్టు 5, మంగళవారం

ఇవాళ క్లాసులో లేపాను. ఎస్‌టీపీ దగ్గర 11.2 లీటర్ల ఆక్సిజన్ బరువెంత అని అడిగాను. నా మాట పూర్తవకముందే, "పదహారు గ్రాములు మేడం" అంది.

"ఎలా వచ్చింది?"

"ఇరవై రెండు పాయింట్ నాలుగంటే నిండు తట్ట మేడం, ముప్ఫై రెండు గ్రాములు. ఇది సగం తట్టే గదా."

క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేదు. ఇక్కడ తట్టలూ బుట్టలూ లేవు, మోల్ అను, వచ్చి బోర్డు మీద మెట్లన్నీ రాయి అన్నాను. వచ్చింది. 16 అని రాసి, దాని పైన ఏం రాయాలో తెలియక చాక్‌పీస్ పట్టుకుని నిలబడింది. అక్కడే దొరికిపోయింది. ఈ లెక్క నేను ఏటా అడుగుతానని సీనియర్లకి తెలుసు. ఎవరో చెప్పే ఉంటారు.

ఆగస్టు 8, శుక్రవారం

ఎదురింటివాళ్ళు ప్రహరీగోడకి సున్నం కొట్టిస్తున్నారు. ఈ రోజుల్లో కూడా సున్నం ఏమిటో. కిటికీలన్నీ మూసుకుని కూర్చున్నాను. "వాసనేం రావట్లేదు గదే" అన్నాడు మా ఆయన కోటేశ్వర్. ఆయనకి ఏ వాసనా తెలియదు.

ఆగస్టు 9, శనివారం

ఈ వారం ఇరవై నాలుగు. పోయిన ఒక్కటీ లెక్క కాదు, ఒక శాస్త్రవేత్త పేరు. రఫ్ షీటు మళ్ళీ ఖాళీ.

సాయంత్రం వరండాలో మా అటెండర్ వెంకటప్పయ్య ఆ పిల్లకి క్యారియర్ అందిస్తూ కనిపించాడు. స్టాఫ్‌రూమ్ తాళాలు అతని దగ్గరే ఉంటాయి. నేను ప్రశ్నపత్రాలు పెట్టుకునే సొరుగూ ఆ స్టాఫ్‌రూమ్‌లోనే ఉంది, దానికి తాళం లేదు. అతన్ని పిలిచి ఏమిటది అని అడిగాను.

"గోంగూర పచ్చడమ్మా. మా ఊరి పిల్లే. వాళ్ళమ్మ పంపిచ్చింది."

"ఎంతమందికి ఇట్లా మోసుకొస్తావు?"

"ఈ అమ్మాయికే."

"ఈ అమ్మాయికే ఎందుకు?"

"మిగతా పిల్లల అమ్మలు నాకేం ఇయ్యలేదు గదమ్మా."

నా ముందు నిలబడి తడుముకోకుండా జవాబు చెప్పాడు. ముందే అనుకుని పెట్టుకున్న జవాబులాగే ఉంది.

ఆగస్టు 12, మంగళవారం

సొరుగు అంచు మీద చిన్న చాక్‌పీస్ ముక్క నిలబెట్టి ఇంటికొచ్చాను. సొరుగు లాగితే పడిపోతుంది. ఈ సంగతి అన్నం తింటూ మా ఆయనకి చెప్పాను. "పదహారేళ్ళ పిల్ల మీద ఇంత నిఘా ఏందే?" అన్నాడు. పరీక్షల్లో జరిగే మోసాలు ఆయనకేం తెలుసు. పల్నాడు రోడ్డులో లారీ స్పేర్‌పార్టులు అమ్ముకునే మనిషి, నట్టు తేడా వస్తే ఆ రోజే తెలిసిపోతుంది. మా దగ్గర తేడా తెలిసేసరికి పిల్లలు కాలేజీ దాటిపోతారు.

ఆగస్టు 14, గురువారం

శనివారం కృష్ణాష్టమి కాబట్టి పరీక్ష సోమవారానికి వాయిదా పడింది. మంచిదే అయింది, నాకు సమయం చిక్కింది. వల పన్నాను.

పద్నాలుగో బిట్: 200 కిలోల స్వచ్ఛమైన సున్నపురాయిని పూర్తిగా కాలిస్తే ఎంత సున్నం వస్తుంది? కాల్షియం కార్బొనేట్ వంద, దాంట్లోంచి వచ్చే కాల్షియం ఆక్సైడ్ యాభై ఆరు. వందకి యాభై ఆరైతే రెండువందలకి నూట పన్నెండు. కళ్ళు మూసుకుని చేసే లెక్క. తప్పు జవాబులు మూడు కావాలి. 88 పెట్టాను, అది గాలిలో కలిసిపోయే కార్బన్ డయాక్సైడ్ బరువు, తొందరపడేవాళ్ళు దాని మీద పడతారు. 56 పెట్టాను, లెక్క సగంలో ఆపేవాళ్ళ కోసం. ఇంకొకటి కావాలి, ఏ పిల్లా తనంతట తాను పెట్టనిది. కాసేపు పెన్ను పట్టుకుని కూర్చుని 111 అని రాశాను. ఎందుకు 111 అంటే ఏం చెప్పను, చేతికి అదే వచ్చింది.

అసలు కీ నా హ్యాండ్‌బ్యాగులో ఉంది. సొరుగులో ఇంకో కీ పెట్టాను. అందులో ఇరవై నాలుగు జవాబులూ సరైనవే. పద్నాలుగుకి మాత్రం మూడో ఆప్షన్, అంటే 111. సోమవారం ఎవరి షీట్లో 111 కనబడితే వాళ్ళు నా సొరుగు తెరిచినట్టు. చాక్‌పీస్ ముక్క మళ్ళీ నిలబెట్టాను.

ఆగస్టు 15, శుక్రవారం

జెండా వందనం. ఆ పిల్ల మూడో వరుసలోంచి నాకు నమస్కారం పెట్టింది. తప్పు చేసేవాళ్ళకి వినయం ఎక్కువ.

ఆగస్టు 18, సోమవారం

దొరికింది.

112 పెట్టినవాళ్ళు ముప్ఫై తొమ్మిది మంది. 88 పెట్టినవాళ్ళు ఆరుగురు. 56 ఇద్దరు. 111 పెట్టింది నాగమల్లేశ్వరి ఒక్కతే. మిగతా ఇరవై నాలుగూ కరెక్టు.

షీట్లు రెండుసార్లు లెక్కబెట్టాను. సంతోషం వేసింది. పదిహేను రోజులుగా నాది అనుమానం పిచ్చేమో అని నాకే లోపల్లోపల ఉండేది, అది పోయింది.

సొరుగు అంచున చాక్‌పీస్ ముక్క నిలబెట్టిన చోటే ఉంది. చూసుకుని మళ్ళీ సర్ది ఉంటుంది. తెలివైంది కదా.

ఆగస్టు 19, మంగళవారం

ప్రిన్సిపాల్ బ్రహ్మానందం గారి గదిలో రెండు కీలూ, ఆ పిల్ల షీటూ బల్ల మీద పరిచాను. ఆయన మూడూ చూసి, "బాగా పట్టుకున్నారు ప్రభావతి గారూ" అన్నారు. పిల్లని పిలిపించారు.

"మేడం సొరుగులో కీ చూశావా లేదా? ఒక్క మాటలో చెప్పు."

"చూళ్ళేదు సార్."

"మరి నలభై ఎనిమిది మందిలో ఎవరూ పెట్టని తప్పు నువ్వొక్కదానివే ఎట్లా పెట్టావు?"

"అది తప్పా సార్?" అని నావైపు తిరిగింది. "మేడం, అది తొమ్మిదికి..."

కథలొద్దు అన్నాను. నిజంగా కథలు వినే ఓపిక లేదు. లెక్క ఎలా చేశావని ఇప్పుడు అడగాల్సిన పని లేదు, చేసుంటే కదా.

ఫ్రీ సీటు రద్దు. రేపటికల్లా హాస్టల్ ఖాళీ చేయాలి. అడ్మిషన్లు అన్నిచోట్లా అయిపోయాయి కాబట్టి ఈ ఏడాది ఇంకెక్కడా చేరడానికి వీల్లేదు. సార్ ఆ మాట చెప్పినప్పుడు మాత్రం పిల్ల మళ్ళీ నోరు తెరిచింది.

"ఈ యేడు పోతే మా అమ్మ బట్టీకి రమ్మంటది సార్. మళ్ళా పంపదు."

"అది ముందు ఆలోచించుకోవాల్సింది" అన్నారు సార్. వెంకటప్పయ్య దగ్గర తాళాలు తీసుకున్నారు. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టారు, కాపీ కొట్టినందుకు ఒక విద్యార్థిని తొలగింపు అని. పేరు లేకపోయినా అందరికీ తెలుసు.

నేను చేసింది సరైన పనే. మిగతా నలభై ఏడు మందికి అన్యాయం జరగకూడదు కదా. సరైన పనే.

ఆగస్టు 20, బుధవారం

హాస్టల్ ఖాళీ చేసింది. ఒక ట్రంకు పెట్టె, ఒక బకెట్టు.

ఆగస్టు 21, గురువారం

5.6 లీటర్ల ఆక్సిజన్ బరువు అడిగితే క్లాసులో ఎవరూ నోరు విప్పలేదు. ఆఖరికి వెనక బెంచీలోంచి ఎవరో "పావు తట్ట" అన్నారు. అందరూ నవ్వారు. ఆలోచిస్తే అది పావు తట్టే. ఎనిమిది గ్రాములు.

ఆగస్టు 22, శుక్రవారం

ఏం రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మధ్యాహ్నం వెంకటప్పయ్య ఒక లాంగ్ నోట్‌బుక్ తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. నాగమల్లేశ్వరిది, హాస్టల్లో మర్చిపోయిందట. ఆదివారం ఊరికి వెళ్తే ఇచ్చేస్తాడట, ఈలోగా నేను ఒకసారి చూడాలట.

"ఏముంది అందులో?"

"నాకు చదువు రాదమ్మా. మీకొచ్చు గదా."

అతను వెళ్ళిపోయాక తెరిచాను. నేను చెప్పిన నోట్సు మొత్తం ఉంది. చివరి అట్ట లోపలి వైపు పెన్సిల్‌తో ఎక్కం రాసుకుంది. తొమ్మిదికి ఐదు. పద్దెనిమిదికి పది. ఇరవై ఏడుకి పదిహేను. అక్కడిదాకానే చదివాను. తర్వాతవి చదవలేదు, నోరే చెప్పుకుంటూ పోయింది. ముప్ఫై ఆరుకి ఇరవై, నలభై ఐదుకి ఇరవై ఐదు, యాభై నాలుగుకి ముప్ఫై. ఆగకుండా నూట ఎనభైకి వంద దాకా చెప్పాను. స్టాఫ్‌రూమ్‌లో అప్పుడు ఎవరూ లేరు.

తొమ్మిది టన్నుల రాయి బట్టీలో వేస్తే ఐదు టన్నుల సున్నం దిగుతుంది. బట్టీ పనివాళ్ళందరూ వేసుకునే లెక్క ఇది. రాలిపోయిన పొడీ గిడీ పోను చేతికొచ్చేది. నాకు ఈ ఎక్కం నేర్పింది మా నాన్న పిచ్చియ్య. బడి లేని రోజు సద్దిమూట పట్టుకెళ్తే, రాళ్ళకుప్ప మీద కూర్చోబెట్టి ఒక్కో ముద్దకీ ఒక్కో మెట్టు చెప్పించేవాడు. మా నాన్న బట్టీలో తట్ట మోశాడు. స్టాఫ్‌రూమ్‌లో ఎవరడిగినా మా నాన్నది సున్నం వ్యాపారం అని చెప్పాను. ఇరవై రెండేళ్ళుగా అదే చెబుతున్నాను.

రెండువందల కిలోలు. నూట ఎనభైకి వంద. మిగిలిన ఇరవైకి పదకొండు, చిల్లర. నూట పదకొండు.

ఆ అంకె చేతికి ఊరికే రాలేదు. మా నాన్న లెక్కని తప్పు జవాబుగా పెట్టి, ఆ లెక్క వచ్చిన పిల్లని దొంగని చేశాను. సిగ్గుగా ఉంది. ఇంతకంటే మంచి మాట దొరకడం లేదు.

ఆగస్టు 23, శనివారం

అయినా ఆ లెక్కా వచ్చి, కీ కూడా చూసి ఉండొచ్చు కదా. రెండూ ఒకేసారి జరగకూడదని ఎక్కడుంది.

చాక్‌పీస్ ముక్క కదల్లేదు.

ఎవరికీ తెలియదు. వెంకటప్పయ్యకి తొమ్మిదికి ఐదు తెలుసేమో గానీ, 111 నాకెక్కడి నుంచి వచ్చిందో తెలియదు. నేను చెప్పకపోతే ఎప్పటికీ ఎవరికీ తెలియదు. మంగళవారం ఫ్రీ సీటు ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఆ తర్వాత చెప్పాలన్నా చెప్పి లాభం ఉండదు. ఆ తర్వాత చెప్పకపోయినా ఎవరూ తప్పు పట్టరు. ఇలా కూడా ఆలోచించానని ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

ఆగస్టు 24, ఆదివారం

పొద్దున బస్సెక్కి పిడుగురాళ్ళ వెళ్ళాను. వెంకటప్పయ్య వెంట వస్తానన్నాడు, వద్దన్నాను. ముప్ఫై ఏళ్ళ తర్వాత బట్టీల వైపు నడిచాను. చెట్ల ఆకులు అప్పట్లాగే తెల్లగా ఉన్నాయి. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకోలేదు.

నాగమల్లేశ్వరి తల్లి మంగమ్మ బట్టీ పక్కన రాళ్ళ దగ్గర ఉంది. పిల్ల కూడా అక్కడే ఉంది, తలకి గుడ్డ చుట్టుకుని, తట్టలోకి రాళ్ళు ఎత్తుతోంది. నన్ను చూసి లేచి నిలబడింది. నమస్కారం పెట్టలేదు.

ఫలానా మేడాన్ని అని మంగమ్మకి చెప్పాను. ఆమె చేతిలో పని ఆపలేదు.

"మా పిల్ల దొంగతనం చేసిందన్నది మీరేనా?"

"నేనే."

"మళ్ళా ఎందుకొచ్చారు? ఇక్కడేం పోయింది?"

నోట్‌బుక్ ఇచ్చాను. తొమ్మిదికి ఐదు ఎక్కం చూశాననీ, దాంతో లెక్క కడితే నూట పదకొండే వస్తుందనీ చెప్పాను. నాదే పొరపాటని చెప్పాను. మంగమ్మ అప్పుడు తట్ట దించింది.

"మీకు ఈ లెక్క ఎట్ట తెలుసు? సదువుకున్నోళ్ళ లెక్క గాదే ఇది."

"మా నాన్న బట్టీలో చేశాడు."

"ఏ బట్టీ?"

చెప్పాను. అది మూతపడి చానా ఏళ్ళయిందంది. నా ముఖంలోకి, చేతుల్లోకి చూసింది. మళ్ళీ తట్ట ఎత్తుకుంది.

నాగమల్లేశ్వరితో మాట్లాడాను. క్లాసులో వందకి యాభై ఆరు అని చెప్పాను కదా, అది ఎందుకు వాడలేదని అడిగాను. ఈ ప్రశ్న అయిదు రోజుల ముందు, అందరి ముందు అడగాల్సింది.

"రెండూ ఒకటే అనుకున్నా మేడం. ఎప్పుడూ నా లెక్కకి దగ్గరగా ఒక్క ఆప్షనే ఉండేది, అది పెట్టేదాన్ని. ఈసారి నాకొచ్చిందే అచ్చంగా కనబడింది."

రెండూ ఒకటి కాదని చెప్పాను. యాభై ఆరు స్వచ్ఛమైన రాయికి పుస్తకంలో వచ్చే లెక్క, మనది బట్టీలో దిగేది, తేడా చాలా కొంచెం అన్నాను. మనది అనే మాట వచ్చేసింది. పిల్ల విన్నది, కానీ ముఖంలో ఏ మార్పూ లేదు. మళ్ళీ కాలేజీకి రమ్మన్నాను.

"మీరు రమ్మంటే సరిపోద్దా మేడం? అందరికీ దొంగనే గదా" అంది. చిన్నగా, కోపం లేకుండా అంది. కోపంగా అని ఉంటే బాగుండేది.

ఆగస్టు 25, సోమవారం

బ్రహ్మానందం గారికి మొత్తం చెప్పాను. కాగితం మీద రెండు లెక్కలూ పక్కపక్కన వేసి చూపించాను. ఆయన రెండూ చదివి అడిగారు.

"అమ్మాయి బట్టీ లెక్క వేసింది, సరే. ఎన్నో అంకెలుండగా మీ వలలో కూడా సరిగ్గా అదే ఎట్లా పడింది? రేపు ఎవరైనా అడిగితే ఏం చెప్పమంటారు?"

"నాకూ చిన్నప్పుడు అదే లెక్క నేర్పారు సార్."

"మీ నాన్నగారిది సున్నం వ్యాపారం అన్నారుగా?"

"కాదు సార్. తట్ట మోశాడు."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. నొచ్చుకున్నారో, ఇబ్బందిపడ్డారో తెలియలేదు. "ఇది ఇక్కడితో వదిలేద్దాం. పిల్లని నెమ్మదిగా రమ్మనండి, గ్రూపులో మళ్ళీ ఎందుకు రాయడం" అన్నారు. రాయకపోతే ఆ పిల్ల రాదని చెప్పాను. ఆయన రాయలేదు. నేను రాశాను, నా పేరుతో, ఆ పిల్ల పేరుతో సహా. కాపీ జరగలేదని, తప్పు పరీక్ష పెట్టిన నాదని, 111 ఎలా వచ్చిందో, నాకెలా తెలుసో అన్నీ. మా నాన్న పేరు కూడా రాశాను.

స్టాఫ్‌రూమ్‌లో ఒకరిద్దరు పలకరించారు. మిగతావాళ్ళు ఫోన్లు చూసుకున్నారు. వెంకటప్పయ్యకి తాళాలు నేనే ఇచ్చి, తప్పయిపోయింది అన్నాను. తాళాలు లెక్క చూసుకుని, "అన్నీ ఉన్నయ్యమ్మా" అన్నాడు.

రాత్రి మా ఆయన గ్రూపు మెసేజి ఎవరో పంపితే చదివాడట. "ఇన్నాళ్ళకి చెప్పావు" అని మాత్రం అన్నాడు. ఈయనకి మొదటి నుంచీ తెలుసు.

ఆగస్టు 29, శుక్రవారం

చవితి అయ్యాక ఇవాళ వచ్చింది. వెంకటప్పయ్య ట్రంకు పెట్టె మోసుకొచ్చాడు. క్లాసులో అందరి ముందూ క్షమాపణ చెప్పాను. తల వంచుకుని విన్నది. తర్వాత 44 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ ఎస్‌టీపీ దగ్గర ఎన్ని లీటర్లని అందరినీ అడిగాను. నిండు తట్ట. ఆ పిల్లకి రాకపోవడం ఉండదు. చెయ్యెత్తలేదు.

ఆగస్టు 30, శనివారం

పరీక్ష అయింది. ఇరవై ఐదుకి ఇరవై ఐదు.

ఓఎంఆర్‌తోపాటు రఫ్ షీట్లు మూడు ఇచ్చింది, రెండు అడిగి తీసుకుందట. నేను అడగలేదు. ప్రతి బిట్‌కీ సమీకరణం రాసింది, రెండువైపులా సరిచూసింది, గ్రాముల్ని మోల్స్‌లోకి మార్చింది, నిష్పత్తి పెట్టింది, మళ్ళీ గ్రాముల్లోకి వచ్చింది. పేర్లు, నిర్వచనాలు అడిగిన బిట్లకి కూడా పక్కన పాఠ్యపుస్తకం పేజీ నంబరు వేసింది. సున్నపురాయి లెక్క కావాలనే మళ్ళీ ఇచ్చాను, తొంభై కిలోలకి. బట్టీ లెక్కలో అది యాభై, నోటితో చెప్పేయొచ్చు. తను వందకి యాభై ఆరు అని మొదలుపెట్టి, ఐదు మెట్లూ ఎక్కి, 50.4 రాసి కింద గీత గీసింది.

మూడు షీట్లూ వెనకా ముందూ వెతికాను. ఎక్కడా తొమ్మిదికి ఐదు లేదు.